రాజుగారి పద్నాలుగు ముక్కలు, పెద్దన్న బావి

నేను ఖతార్ వెళ్ళింది టైపు కొట్టడానికి. ఒకరి ఇంటి పంపకాల్లో వేలు పెట్టడానికి కాదు. ఈ మాట ముందే చెప్పి పెట్టుకోవాలి. ఎందుకంటే ఆ ఏడాది జరిగినదానికి మా గదిలోవాళ్ళు నన్నే తిట్టారు. తిట్టడంలో న్యాయం కూడా ఉంది.

చమురు ధర పెరిగి, దోహాలో ఎటు అడుగేసినా పునాది గొయ్యి తగిలే రోజులవి. కాకినాడలో టైపు హయ్యర్ ఫస్టు క్లాసులో పాసై, ఆ సంగతి అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకు తిరుగుతున్న నన్ను రోడ్లు వేసే ఒక కంపెనీ ఆఫీసులో కూర్చోబెట్టారు. బస మాత్రం దోహా పేటల్లో ఒకటైన ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక పాత ఇంటి పై గదిలో. మొత్తం ఐదుగురం. నేను తప్ప అందరూ తెలంగాణవాళ్ళే. నేను ‘వెళ్ళాడు’ అంటే వాళ్ళకు నవ్వు, వాళ్ళు ‘పోయిండు’ అంటే నాకు చిరాకు. నెల తిరక్కుండానే నేనూ ‘పోయిండు’ అనడం మొదలుపెట్టాను, అది వేరే సంగతి.

ఆ గదిలో జాగా అంతా వారసత్వం మీదే నడిచేది. కిటికీ ఏసీ కింద మంచం పెద్దన్నది. అంతకుముందు అది ఒక మెట్‌పల్లి మనిషిది, ఆయన ఇంటికి పోతూ పెద్దన్నకు అప్పజెప్పి పోయాడట. తలుపు వెనక మూడు కొక్కేల్లో రెండు చిచ్చావి. నాకు దక్కిన రాజ్యం తలుపు పక్క మంచం, దాని పైన సగం అర, మూడో కొక్కెం, మిద్దె మీద బట్టల తీగలో రెండు మూరలు. అరలో మిగతా సగం ఏడాది కిందట సెలవు మీద పోయి తిరిగి రాని ఒక మనిషిది. ఆయన ట్రంకుపెట్టె అక్కడే ఉండేది. దాన్ని అవతలికి జరిపే హక్కు ఎవరికీ లేదు. నేను ఒకసారి జరిపి చూశాను. మర్నాడు నా కొక్కెం మీద చిచ్చా లుంగీ వేలాడింది.

పెద్దన్న మా అందరికంటే వయసులో పెద్ద, జగిత్యాల దిక్కు మనిషి. కంకర మిషను మీద పని, మాట తక్కువ. చిచ్చాది నిజామాబాద్ టౌను, కంపెనీ నీళ్ళ ట్యాంకర్ నడిపేవాడు, దక్నీలో మొదలుపెట్టిన మాట తెలుగులో ముగించేవాడు. మిగతా ఇద్దరూ తాపీ పనివాళ్ళు. వాళ్ళు నవ్వడానికి తప్ప ఈ కథలోకి పెద్దగా రారు.

ఇక మా ఆఫీసు పెద్ద ఇంజనీరు ఒక జర్మనీ ముసలాయన. అల్ హిలాల్‌లో విల్లాలో ఒక్కడే ఉండేవాడు. పగలంతా రోడ్ల లెక్క, సాయంత్రమంతా ఒక రాజు లెక్క. నాలుగు వందల ఏళ్ళ కిందట వాళ్ళ ఊరు ఒక చిన్న రాజుగారి చేతి కింద ఉండేదట. ఆ రాజు జీవితం, ఆయన తాత తండ్రుల నుంచి వచ్చిన రాజ్యం గురించి ఈయన పుస్తకం రాస్తున్నాడు. కూతురు ఇంగ్లీషువాణ్ణి చేసుకుందట, మనవలకు జర్మను రాదట, అందుకని ఇంగ్లీషులో. వారానికి పదేసి కాగితాలు నా బల్ల మీద పెట్టి, భోజనం వేళ టైపు చేసిపెట్టమనేవాడు. ఆయన చేతిరాత చూస్తే కోడి కెలికినట్టుండేది. మొదట్లో ఒళ్ళు మండింది. తర్వాత్తర్వాత ఆ కాగితాలు ఒకరోజు ఆలస్యమైతే నేనే వెళ్ళి అడిగేవాణ్ణి.

ఎందుకంటే ఆ రాజుగారు అట్లాంటి మనిషి. ఆయన రాజ్యం పద్నాలుగు ముక్కలు. ముత్తాత కొడుకులకు పంచి, తాత కొడుకులకు పంచి, ఈయన దాకా వచ్చేసరికి ఒక ముక్క ఇక్కడ, ఒక ముక్క రెండు రోజుల ప్రయాణంలో. తన కోట నుంచి తన వేట బంగళాకు పోవాలంటే మధ్యలో బాబాయి ఊరు దాటాలి, అక్కడ తన బండికి తనే సుంకం కట్టాలి. ఒక వంతెనలో సగం ఈయనది, సగం పెత్తండ్రి కొడుకుది. అది సరిగ్గా నడిమిట్ల విరిగితే ఏ సగం విరిగిందో తేలక ఇద్దరూ పడవలోనే తిరిగారట. ఒక పట్నాన్ని ముగ్గురు దాయాదులు వంతుల మీద ఏలేవాళ్ళట, ఏడాదికొకరు. పాపం ఆ ఊరివాళ్ళు ఈ ఏడు ఎవరికి దండం పెట్టాలో పొద్దున్నే లేచి గుర్తు చేసుకోవాలి.

కార్బను కాపీ ఒకటి నేను గదికి తెచ్చుకునేవాణ్ణి. శుక్రవారం మధ్యాహ్నం చిచ్చా బిర్యానీ దించాక, అందరూ నడుం వాల్చాక, నేను ఆ కాగితాలు చూస్తూ తెలుగులో చెప్పేవాణ్ణి. మా వాళ్ళకు జర్మనీ ఎక్కడుందో పట్టలేదు. పంపకం మాత్రం బాగా పట్టింది. ఆ బాబాయి సుంకం అడిగినప్పుడు తాపీ పనివాళ్ళిద్దరూ వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టారు. వాళ్ళ ఊళ్ళో ఇట్లాంటి బాబాయే ఒకడున్నాడట.

పెద్దన్న మొదట్లో అటు తిరిగి పడుకునేవాడు. ఒక శుక్రవారం నేను రాజుగారి తండ్రి చనిపోయిన ఘట్టం చెబుతున్నాను. ఆ దేశపు ఆచారం ప్రకారం ఇద్దరన్నదమ్ములుంటే పెద్దవాడు రాజ్యాన్ని రెండు పాళ్ళు చెయ్యాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. ఈ ముక్క చెప్పగానే పెద్దన్న లేచి కూర్చున్నాడు.

“ఏందీ, మళ్ళొక్కసారి చెప్పు,” అన్నాడు.

మళ్ళీ చెప్పాను.

“మా దిక్కు గిట్లనే. పెద్దోడు పాళ్ళు పెడ్తడు, చిన్నోడు ముందుగల్ల ఏరుకుంటడు. రాజులు గూడ గంతేనా?”

అప్పుడు బయటపడింది ఆయన కష్టం. పెద్దన్నకు ఒక్కడే తమ్ముడు. భూమి ఇంకా ఉమ్మడిగానే ఉంది. ఒకటి రోడ్డు పక్క చెలక, దానికి ఆనుకుని ఇల్లు. రెండోది బావి కింద పొలం. ఊళ్ళో పెద్దమనుషులు పంచుకోండని తొందరపెడుతున్నారు. పెద్దవాడు పాళ్ళు పెట్టాలి కాబట్టి ఇక్కణ్ణుంచి పెద్దన్నే ఉత్తరానికి బదులు క్యాసెట్‌లో మాట రికార్డు చేసి పంపాలి. ఆయన ప్రాణమంతా బావి మీద ఉంది. బావి పొలం వస్తే ఇంటికి పోయి సేద్యం చేసుకుంటాడు. రాకపోతే, వాన మీద బతికే చెలకతో ఇల్లు గడవదు, ఇంకో రెండేళ్ళు కంకర మిషనే. కాంట్రాక్టు కాగితం సూపర్‌వైజర్ దగ్గర సంతకానికి సిద్ధంగా ఉంది. నాలుగేళ్ళ నుంచి ఆయన పిల్లల్ని చూడలేదు. చిన్నది పుట్టినప్పుడు కూడా ఇక్కడే ఉన్నాడు.

బావి ఎవరికి వద్దు? తమ్ముడు దాన్నే కోరుకుంటాడని పెద్దన్న భయం. నోరు తెరిచి అడగొచ్చు కదా అంటే, పాళ్ళు పెట్టినవాడు అడగకూడదట, అది పెద్దరికానికి తక్కువట.

సరిగ్గా ఆ వారం వచ్చిన కాగితాల్లో మా రాజుగారిదీ అదే బాధ. ఆయనకు ఏటి ఒడ్డు లోయ కావాలి, మిల్లు ఉన్న లోయ. దాన్ని ఒక పాలు చేశాడు. కొండమీది పెద్ద భవనం, చుట్టూ అడవి ఇంకో పాలు. తమ్ముడి చూపు లోయ మీద పడకుండా ఏం చేశాడంటే, మిల్లు చక్రం తనే విరగ్గొట్టించాడు. ఏరు ఏటేటా పొంగి పొలాలు ముంచుతోందని మనుషుల చేత చెప్పించాడు. కొండమీది భవనానికి మాత్రం కొత్త తలుపులు, కొత్త రంగు. అక్కడితో కాగితాలు అయిపోయాయి. ముసలాయన కిడ్నీలో రాయి వచ్చి రెండు వారాలు ఆసుపత్రిలో పడ్డాడు.

పెద్దన్న రెండు వారాలు ఆగలేదు. సగం తప్పు అదీ. మిగతా సగం నాది. ఆయన క్యాసెట్‌లో ఏం చెప్పాలో నేను రాసిచ్చాను. హయ్యర్ ఫస్టు క్లాసు కదా, ఊరికే ఉంటానా? మంచి భాషలో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. పెద్దన్న టేప్‌రికార్డర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని ఉన్నదున్నట్టు చదివాడు. “తమ్ముడా, మన బావియందు జలము నానాటికీ అడుగంటుచున్నది. మోటారు శిథిలావస్థకు చేరుకొన్నది. రోడ్డు ప్రక్కనున్న క్షేత్రము మాత్రము సకల సౌకర్యములతో విలసిల్లుచున్నది.” ఇంత వరకూ చదివి, సొంతంగా ఒక దగ్గు దగ్గాడు. ఆ క్యాసెట్ మొత్తంలో ఆయనదంటూ ఉన్నది ఆ దగ్గే.

చిచ్చా ఒక్కడే అడ్డుపడ్డాడు.

“అరే భాయ్, ఆ బావిల నీళ్ళు రోజు తోడేది వాడే గదా? నీళ్ళు లేవని దోహాల కూసుండి వానికే చెప్తారా?”

ఇది రాజనీతి, ట్యాంకర్ నడిపేవాళ్ళకు తెలియదు అన్నాను. అన్నానండీ, ఆ మాటే అన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

దేశానికి ఉత్తరపు కొసన ఉన్న అల్ రువైస్ రేవు పని మీద పెద్దన్న పక్క ఊరి మనిషి ఒకడుండేవాడు. వాడు ఇంటికి పోయే ముందు సామాను కొనుక్కోవడానికి దోహా వచ్చాడు. క్యాసెట్ వాడి చేతికిచ్చాం, వచ్చే శుక్రవారం విమానం ఎక్కుతానని చెప్పి తిరిగి రువైస్ పోయాడు. పెద్దన్న ఆ వారమంతా ఈల వేస్తూ తిరిగాడు. ఆయనకు ఈల వచ్చునని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

గురువారం ముసలాయన ఆసుపత్రి నుంచి వచ్చి తర్వాతి కాగితాలు ఇచ్చాడు. టైపు కొడుతూ కొడుతూ నా వేళ్ళు ఆగిపోయాయి. రాజుగారి తమ్ముడు ఎవరి మాటా వినలేదట. ఒకరోజు తెల్లవారకముందే ఒక్కడే గుర్రమెక్కి లోయలోకి పోయి, మిల్లువాడి ఇంట్లో గంజి తాగి, చక్రం ఎవరు విరగ్గొట్టారో వాడి నోటితోనే చెప్పించుకున్నాడు. సభలోకి వచ్చి లోయ నాది అన్నాడు. రాజుగారు బతికినంత కాలం కొండమీది భవనంలోనే ఉన్నాడట, లోయ వైపు కిటికీలన్నీ ఇటుకలతో మూయించి. అన్నదమ్ములు మళ్ళీ ఒక పంక్తిలో కూర్చుని తినలేదు.

నాకు కోపం ఆగలేదు. తిన్నగా ముసలాయన గదిలోకి పోయి, ఆ పేజీ అక్కడెందుకు ఆపారని నిలదీశాను. ఆయన కళ్ళజోడు తీసి, ఆపింది తను కాదనీ తన కిడ్నీ అనీ నెమ్మదిగా చెప్పాడు. మా పెద్దన్న సంగతి విన్నాక మాత్రం నవ్వలేదు. నిన్ను కథ టైపు చెయ్యమన్నాను గానీ దాన్ని వాడమన్నానా అని అడిగాడు.

శుక్రవారం పొద్దున్నే గదిలో విషయం చెప్పేశాను. పెద్దన్న అన్నం తినే పళ్ళెం పక్కన పెట్టి లేచాడు. అల్ రువైస్ పోయి క్యాసెట్ వెనక్కి తేవాలి. మాకున్న బండి చిచ్చా నీళ్ళ ట్యాంకర్ ఒక్కటే, అదీ నిండుగా ఉంది. నీళ్ళు రోడ్డు మీద వదిలేద్దామని నేనన్నాను. ఈ దేశంలో మంచినీళ్ళు రోడ్డు మీద పోస్తే తన ఉద్యోగం కూడా వాటి వెంటే పోతుందని చిచ్చా అన్నాడు. ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కుని యల్లా, పద పద అనుకుని బయల్దేరాం. నిండు ట్యాంకర్ ఎంత తొందరపెట్టినా దాని నడక అదే. ఎడమా కుడీ ఇసుక, మధ్యలో మేము. సగం దూరంలో ఎదురుగా ఒక తెల్ల పికప్ వచ్చింది. అందులో వెనక కూర్చున్నవాడు చెయ్యి ఊపాడు. పెద్దన్న కూడా మర్యాదకు చెయ్యి ఊపాడు.

అల్ రువైస్ క్యాంపులో అడిగితే, మీవాడు ఇప్పుడే తెల్ల పికప్‌లో ఎయిర్‌పోర్టుకు పోయిండు, దారిలో కనబడలేదా అన్నారు.

తిరుగు దారిలో కూడా ట్యాంకర్ నిండుగానే ఉంది, మేము దోహా చేరేసరికి విమానం వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు వారాలు మిగతావాళ్ళు నన్ను తిట్టారు, పెద్దన్న మాత్రం అసలు మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. అన్నం వడ్డించే వంతు ఆయనదైనప్పుడు అడుగంటిన మాడు నా పళ్ళెంలో పడేది, అంతే. కాంట్రాక్టు కాగితం తెచ్చి దిండు కింద పెట్టుకున్నాడు. బావి పోయిందనే ఆయన లెక్క. నాకు మాత్రం రాత్రీ పగలూ ఆ కాగితమే కళ్ళ ముందు ఆడేది. నా మంచి భాష వల్ల ఒక మనిషి ఇంకో రెండేళ్ళు కంకర దుమ్ము మింగబోతున్నాడు.

తమ్ముడి జవాబు ఒక శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది, సెలవు నుంచి తిరిగొచ్చిన వాళ్ళెవరో తెచ్చారు. పెద్దన్న క్యాసెట్ పెట్టి మీట నొక్కి మంచం అంచున కూర్చున్నాడు. ముందు ఏదో దడదడ మోత వినిపించింది. టేపు పాడైందనుకున్నాం. తర్వాత తమ్ముడి గొంతు వచ్చింది, గల్ఫ్ అంతా దుబాయే అనుకునే ఊరి గొంతు.

“అన్నా, మంచిగున్నవా. నీ క్యాసెట్ ఇన్నం. అండ్ల మాట్లాడింది నువ్వా, దుబాయ్ రేడియోలోళ్ళా అని ఇంట్ల అందరు అడిగిన్రు. దగ్గు ఇని నువ్వేనని గుర్తువట్టినం.”

గదిలో ఎవ్వరూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

“నేను బావి కాడ కూసుండి మాట్లాడుతున్న. ఎనుక మోత ఇనబడుతుందా? మన మోటరే. మంచిగ నడుస్తుంది. నీళ్ళు నిండ ఉన్నయి. మొన్ననే పూడిక తీసిన, నేనే దిగి తీసిన. ఊళ్ళెకు అచ్చి ఇది జూస్తే సంబురపడ్తవని తీసిన.”

కొంచెంసేపు మోటారు మోత ఒక్కటే వచ్చింది.

“నీ పానం బావి మీద ఉన్నదని నాకు తెల్వదా అన్నా? నువ్వు దుబాయ్ పోయేనాడు బస్సెక్కే ముందు గూడ గీడికే అచ్చినవ్. నేను రోడ్డు చెలక తీసుకుంటున్న, పెద్దమనుషులకు చెప్పిన. బావి నీదే. గానీ నన్ను అడిగితే అయిపోతుండె గదా. నీళ్ళు లేవని నాకెందుకు చెప్పినవ్?”

అంతే. అటు తర్వాత మాట లేదు. వాడు ఆపడం మరిచిపోయాడో, కావాలనే వదిలేశాడో, క్యాసెట్ ఆ వైపు అయిపోయేదాకా మోటారే మోగింది. పెద్దన్న ఆపలేదు. కోరుకున్నది చేతికొచ్చిన మనిషి అట్లా ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి. చిచ్చా లేచి అందరినీ మిద్దె మీదికి తోలాడు.

మేము మిద్దె మీద బట్టల తీగ కింద నిలబడ్డాం గానీ చెవులు మెట్ల దగ్గరే ఉన్నాయి. కింద పెద్దన్న కొత్త క్యాసెట్ పెట్టుకున్నాడు. ఈసారి కాగితం లేదు.

“తమ్మీ, తప్పైంది,” అన్నాడు. “బావి ఇద్దరిది. ఒకనాడు నీ వంతు, ఒకనాడు నా వంతు. చెలక గూడ గట్లనే నడిమికి చేద్దాం. పాళ్ళు మళ్ళ పెడ్త, అచ్చి నీ ముందట కూసుండి పెడ్త. నేనచ్చేదాక రెండు వంతులూ నువ్వే వెట్టుకో.”

కాంట్రాక్టు కాగితం చింపలేదు. మడిచి, ఊగుతున్న మా పొయ్యి బల్ల కాలి కింద పెట్టాడు. సగం బావి, సగం చెలకతో ఎట్లా బతుకుతావు అని చిచ్చా అడిగితే, ఇద్దరం ఒక్కకాడ చేసుకుంటే సరిపోతది అన్నాడు. ఈ ఉపాయం రాజుగారికి కూడా తట్టలేదు. ముసలాయనకు చెబితే ఆ మాట రాసుకుని, పుస్తకంలో అడుగున చిన్నక్షరాల్లో పెడతానన్నాడు. పెట్టాడో లేదో తెలియదు, ఆ కాగితాలు నా చేతికి రాలేదు.

పోయే రోజున పెద్దన్న పాళ్ళు పెట్టాడు. గదిలో తన ఆస్తి రెండు భాగాలు చేశాడు. ఏసీ కింద మంచం ఒకటి, టేప్‌రికార్డర్ ఒకటి. అందరికంటే చిన్నవాణ్ణి నేనే కాబట్టి ముందు కోరుకోమన్నాడు.

“ఏసీ మంచం తీసుకోకు తమ్మీ. నీళ్ళు కారుతయి. నా మాటిను,” అన్నాడు. ముఖంలో నవ్వు లేదు.

ఆహా, నాకే నేర్పుతున్నావా అనుకున్నాను. మిల్లు చక్రం కథ టైపు కొట్టినవాణ్ణి నేను. ఏసీ మంచమే కావాలి అన్నాను. సరే నీ ఇష్టం అని, టేప్‌రికార్డర్ చిచ్చాకు ఇచ్చి, తమ్ముడి క్యాసెట్ ఒక్కటి జేబులో వేసుకుని పోయాడు పెద్దన్న.

శుక్రవారం బిర్యానీ తిని, రాజులా కాళ్ళు చాపి పడుకున్నాను. కన్నంటుకునే వేళకు నుదుటి మీద ఒక చుక్క పడింది. తర్వాత ఇంకోటి. తెల్లారకముందే గుర్రమెక్కి మిల్లు చూసి రావాలని రాసి ఉన్న కాగితం నేనే టైపు చేశాను. అయినా మంచం మీద ఒక్కసారి చెయ్యి వేసి చూడలేదు. పరుపు పెద్దన్న పడుకునే చోట తప్ప అంతా తడిసి మరకలు కట్టి ఉంది. నాలుగేళ్ళూ ఆయన గోడకు అంటుకుని ఒక పక్కకే పడుకున్నాడు.

మిగతా ముగ్గురూ నవ్వీ నవ్వీ లేచి కూర్చున్నారు. మంచం మార్చుకుందామంటే ఎవరూ ఒప్పుకోలేదు, కోరుకున్నాక మార్చడం లేదట. ఆ ఏడాది పెద్దన్న దగ్గర్నుంచి చిచ్చాకు క్యాసెట్లు వస్తూనే ఉన్నాయి, ప్రతి దాంట్లోనూ వెనక మోటారు మోగుతూనే ఉంది. అక్కడ బావి నీళ్ళు ఒకరోజు తమ్ముడికి, ఒకరోజు పెద్దన్నకు. నాకు మాత్రం రోజూ వచ్చాయి.